సగం పాలిపోయిన మొలకలు

ప్రసవానికి వెళ్తూ బుల్లి తన ఫెర్న్ కుండీని సీనియర్ చేతిలో పెట్టింది. పొట్టిదని ప్రయోగశాలలో అందరూ ఆమెను బుల్లి అంటారు. సీనియర్‌ను ఆమె మాత్రం నోరారా అక్కా అంటుంది.

అంతకుముందు వేల పచ్చటి మొలకల్లో పాలిపోయినది ఒకటి బుల్లి కంటబడింది. దాన్ని పచ్చదానితో సంకరం చేస్తే పుట్టిన మొక్కే ఆ కుండీలోది. పైకి నిక్షేపంగా పచ్చగానే ఉంది, లోపమేదైనా ఉంటే లోపల దాక్కుంది. దాని ఆకుల వెనక పొడిలా పండే సిద్ధబీజాలు చల్లితే గుట్టు బయటపడుతుంది. ఫెర్న్ సిద్ధబీజం నుంచి మొలిచే గోరంత ఆకులో ప్రతి జన్యువూ ఒక్కటే ఉంటుంది, కప్పిపుచ్చడానికి రెండోది ఉండదు. లోపం వంశంలో దిగేదే అయితే మొలకలు సగం పచ్చగా, సగం పాలిపోయి రావాలి. అలా వస్తే కనిపెట్టినవాళ్ళకు ఉద్యోగం ఖాయం.

ఐదు నెలలకు తిరిగొస్తే కుండీ లేదు.

"ఎండిపోయిందే. అంతకుముందే చల్లి చూశా, అన్నీ పచ్చగానే మొలిచాయి. నీకు కనబడినదానికి వెలుతురు సరిపడలేదేమో, వదిలెయ్," అంది అక్క.

బుల్లి ఏడ్చింది. అక్కే కళ్ళు తుడిచింది.

వారం తిరక్కుండా, సొరుగు సర్దుతుంటే మడిచిన కాగితం ఒకటి దొరికింది. సెలవుకు ముందు ఆ మొక్కదే పండిన ఆకు ఒకటి కోసి దాచి, పురిటి హడావిడిలో మర్చిపోయింది. మడతలో గోధుమరంగు పొడి రాలి ఉంది. ఎవరికీ చెప్పకుండా చల్లింది. రెండు వారాలకు లెక్కపెడితే నూట నాలుగు పచ్చవి, తొంభై ఎనిమిది పాలిపోయినవి. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనని ఆమెకు అప్పుడు తెలిసింది. అయినా అక్క పొరబడిందేమోనన్న పిచ్చి ఆశ చావలేదు.

గాజుపళ్ళెం తీసుకెళ్ళి అక్క ముందు పెట్టింది. అక్క మూత తియ్యలేదు, సూక్ష్మదర్శిని వైపు తిరగలేదు. మూత మీది సంకరం నంబరు మాత్రం చదివింది.

"సగం సగమే కదా," అంది.

"చూడకుండానే ఎలా చెప్పావక్కా?"

అక్క కాసేపు బల్ల తుడిచింది. "నువ్వు మళ్ళీ వస్తావనుకోలేదే. పరిశోధనా పత్రం నా పేరుతో పంపించేశాను."

"నీ పేరు నా పాపకి పెట్టుకున్నాను కదక్కా. నా మొలకకి కూడా పెట్టాలా?"