ఆదివారం సెట్టు

చర్చి సెట్టుకి మంచి కండెన్సర్లు వేసేవాడు వెర్రివాడని ముప్పై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను. నా పేరు మధుబాబు. తెనాలిలో కాలవ గట్టున నాది రిపేరు షాపు. మైకు సెట్లు, ఆంప్లిఫయర్లు, పాత టేప్ రికార్డర్లు చూస్తాను. ఇటు చుండూరు నుంచి అటు రేపల్లె, బాపట్ల దాకా ఎక్కడ మైకు మూగబోయినా నా దగ్గరికే తెస్తారు. గొప్ప కోసం చెప్పడం లేదు. అంతమంది నన్ను నమ్మారని తెలియడానికి చెబుతున్నాను.

కండెన్సరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సెట్టు లోపల బొటనవేలికి రెండింతల లావున డబ్బీలు కొన్ని నిలబడి ఉంటాయి. వచ్చే కరెంటులో ఎగుడుదిగుళ్ళని మింగి సాపుగా లోపలికి పంపడం వాటి పని. అవి ఎండిపోతే స్తంభానికి కట్టిన హారన్లో గుర్రుమని మోత వస్తుంది. పేలిపోతే అసలు ఏ మోతా రాదు. ఒక్కోదాని ఒంటి మీద మూడు అంకెలుంటాయి. ఎంత పట్టుకుంటుంది, ఎన్ని ఓల్టులు తట్టుకుంటుంది, ఎంత వేడి ఓర్చుకుంటుంది. నలభై నాలుగు ఓల్టులు నడిచే చోట అరవై మూడుది వేయాలి. నూట అయిదు డిగ్రీలది వేయాలి. కొత్తది వేయాలి. నిద్రలో లేపి అడిగినా ఈ మూడు ముక్కలూ తడుముకోకుండా చెబుతాను.

తెలియక చేసినవాడికి ఏదో ఒక సాకు ఉంటుంది. నాకు అదీ లేదు. నేను సెట్లని రెండు రకాలుగా చూసేవాణ్ణి. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ తిరిగే అద్దె సెట్లు ఒక రకం. అవి ఆగితే వాటి యజమానులు షాపు మీదికొచ్చి నా పరువు తీస్తారు కాబట్టి, వాటికి విజయవాడ వెళ్ళి ఏరి తెచ్చిన కొత్త కండెన్సర్లు పడేవి. రెండోది ఆదివారం సెట్లు. వారానికి రెండు గంటలు పాటలు పాడి, ప్రసంగం చెప్పి, మిగిలిన ఆరు రోజులూ బల్ల మీద గుడ్డ కప్పుకుని పడుకునేవి. వాటికి పాత యూపీఎస్ బోర్డుల నుంచి ఊడదీసినవి చాలు. మీటరు పెట్టి చూస్తే అవీ బాగానే చూపించేవి. కొత్తవాటిలో కలిసిపోకుండా వాటి అడుగున మా ఆవిడ శోభారాణి గోళ్ళరంగు చుక్క పెట్టుకునేవాణ్ణి. సోల్డరు చేసి నిలబెట్టాక ఆ చుక్క ఇక ఎవరికీ కనిపించదు.

పోయిన వేసవిలో రేపల్లె అవతల నుంచి పౌలు అనే మనిషి అలాంటి సెట్టొకటి తెచ్చాడు. కృష్ణ కరకట్ట కింద వాళ్ళ ఊరు. ఊరి పేరు చెప్పను, చెప్పే ముఖం లేదు. పౌలు పొలం కూలి. చర్చిలో మైకు చూసుకోవడం అతనికి ఇష్టమైన చాకిరీ. తెచ్చినప్పుడు సెట్టుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఆ రోజు ఎండ మండిపోతోంది. అరవై మూడు ఓల్టులవి షాపులో లేవు. వాటి కోసం విజయవాడ రైలెక్కాలంటే ఒళ్ళు బద్ధకించింది. ఎలాగూ ఆదివారం సెట్టే కదా అని చుక్క పెట్టినవి, యాభై ఓల్టులవి నాలుగు వేసి మూత బిగించాను. ఇచ్చేటప్పుడు అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పాను.

"రెండు గంటలకోసారి కాసేపు ఆపుతూ ఉండు పౌలూ. సెట్టు వేడెక్కకుండా ఉంటది."

"అట్టాగేనండి," అన్నాడు. ఆ మాట నేను పాతికేళ్ళుగా అంటున్నాను. దాన్ని ఎవరూ పట్టించుకోరని నాకూ తెలుసు.

ఆ వానాకాలం కృష్ణకి వరద వచ్చింది. తర్వాత పది రోజులకి పౌలు, అతని భార్య కృపారాణి గోనెసంచిలో సెట్టు మోసుకుని షాపుకి వచ్చారు. సంచి విప్పితే బురద వాసన గుప్పుమంది. పౌలు గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, గుర్తుపట్టడానికి నాకు ఒక్క క్షణం పట్టింది.

"బాగుచెయ్యమని తేలేదండి," అన్నాడు. "ఇది ఎందుకాగిందో చూసి చెప్పండి. అంతే కావాలి నాకు."

జరిగిందంతా కృపారాణి చెప్పింది. అతను మధ్యమధ్యలో తలాడించాడు. వరద పెరుగుతోందని ఊళ్ళో మగవాళ్ళందరూ ఇసుక బస్తాలతో కట్ట మీదికి వెళ్ళారు. కట్టలోంచి ఎక్కడైనా నీళ్ళు ఊరితే మనిషి పరిగెత్తుకొచ్చి పౌలుకి చెప్పాలి, పౌలు మైకులో చెప్పాలి, పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళు మెరక మీద బడికి నడిచిపోవాలి. అదీ అనుకున్న ఒప్పందం. కరెంటు తీసేశారు కాబట్టి రొయ్యల చెరువు దగ్గరి జనరేటరు తెచ్చి చర్చి చూరు కింద పెట్టారు. రెండు రోజులు పౌలు మైకు ముందు నుంచి లేవలేదు. గంటగంటకీ నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో చెబుతూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున పది గంటలకి కబురొచ్చింది. పౌలు గంటసేపు మైకులో అరిచాడు, లేవండి, బడికి పొండి అని. పల్లంలో ఎవరికీ వినపడలేదు. నీళ్ళు గుమ్మాల్లోకి వచ్చాక చూసుకుని పరుగెత్తినవాళ్ళు పరుగెత్తారు. కొండయ్య భార్య సరోజ మాత్రం మంచంలో ఉన్న అత్తని వదిలి రాలేకపోయింది. ఇద్దరూ పోయారు. కొండయ్య అప్పుడు కట్ట మీద బస్తాలు మోస్తున్నాడు. మైకు ఉందిలే, మా వాళ్ళు బడికి చేరి ఉంటారులే అనుకున్నాడు.

"ఈయన నిద్రపోయాడంటన్నారండి ఊరంతా," అంది కృపారాణి. "మైకు ఆపేసి పడుకున్నాడని. కొండయ్య నాకు వరసకి అన్న అవుతాడు. ఈయన్ని బావా అని తప్ప పిలిచేవాడు కాదు. ఇప్పుడు ఎదురొస్తే ముఖం తిప్పుకుపోతన్నాడు. నేను ఆ రోజు టీ పట్టుకెళ్ళానండి. ఈయన గొంతు చించుకుని అరుస్తానే ఉన్నాడు. పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు?"

"హారన్లు పలకడం లేదని నీకు తెలియలేదా అమ్మా?"

"చెవి పక్కనే జనరేటరు, పైన వాన. సెట్టుకి ఎర్రలైటు వెలుగుతానే ఉందండి. అది చూసి పలుకుతుందనుకున్నా."

ఆ ఎర్రలైటు సెట్టులోకి కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది. లోపల ప్రాణం ఉందో లేదో దానికి తెలియదు. ఆ సంగతి వాళ్ళకి చెప్పకుండా, అలా టిఫిన్ చేసి రండి అని పక్క హోటలుకి పంపి మూత విప్పాను.

బురద లోపల దాకా పోయింది. బ్రష్షుతో మెల్లగా తోశాను. నాలుగు కండెన్సర్లూ నెత్తి మీద పగిలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మూతకి లోపలి వైపు గోధుమ రంగు మరకలు చిమ్మి ఉన్నాయి. ఆ మరకలు బురద కింద ఉన్నాయి, పైన కాదు. అంటే నీళ్ళు రాకముందే పేలాయి. ఎర్రలైటు దాటాక ఉండే లోపలి ఫ్యూజు మాడిపోయింది. జనరేటరు ఇంజను ఉరికినప్పుడల్లా ఓల్టేజి పెరుగుతుంది. నలభై నాలుగు కాస్తా యాభై దాటి ఉంటుంది. పాత సరుకు, యాభై ఓల్టులది, రెండు రోజుల వేడి. అవి రెండు రోజులు ఎలా తట్టుకున్నాయన్నదే ఆశ్చర్యం. అరవై మూడువి వేసి ఉంటే ఆ జనరేటరు వాటిని ఏమీ చేసేది కాదు.

ఒకదాన్ని ఊడదీసి తిప్పి చూశాను. గోళ్ళరంగు చుక్క చెక్కుచెదరకుండా ఉంది. మిగతా మూడూ గబగబా పీకి, నాలుగింటినీ పాత సామాను డబ్బాలో పడేసి, దాని మీద వైరు ముక్కలు కప్పాను. ఎవరూ చూడలేదు. చూసినా ఆ చుక్క ఏంటో వాళ్ళకి తెలిసేది కాదు. అయినా డబ్బాని కాలితో బల్ల కిందికి తోశాను.

వాళ్ళు తిరిగొచ్చాక, నీళ్ళలో మునిగిన సెట్టు గురించి ఏమీ చెప్పలేమని అందామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. పౌలు స్టూలు మీద కూర్చుని నా నోటి వంకే చూస్తున్నాడు. పరీక్ష ఫలితం కోసం చూసేవాడిలా కూడా కాదు. తనకి తెలిసిన నిజాన్నే ఇంకో మనిషి నోట వినడానికి చూస్తున్నాడు. అంతగా గుండె రాయి చేసుకోలేకపోయాను.

"నువ్వు ఆపలేదు పౌలూ. సెట్టే ఆగిపోయింది. నీళ్ళు రాకముందే కండెన్సర్లు పేలాయి. నువ్వు అరిచిందంతా లోపలే ఉండిపోయింది."

అతను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కృపారాణి ఏడవలేదు.

"ఆ మాట మా ఊరొచ్చి కొండయ్యకి చెప్తారాండి?" అని అడిగింది.

చెబుతానన్నాను. సగం నిజం చెప్పినందుకే నాకు ఆ పూట కాస్త పుణ్యం చేసుకున్నట్టు అనిపించింది. మనిషి తనని తాను మోసం చేసుకోవడానికి ఎంత తక్కువ చాలో!

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. చర్చి అరుగు మీద పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. గోడల మీద నడుమెత్తున నీటి గీత ఉంది. కొండయ్య స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పని, మాటకి మాట అతికి చూసుకునే రకం. అతను పౌలు వైపు చూడలేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. సెట్టు ముందే పోయిందని, పౌలు గంటసేపు చచ్చిన మైకులో అరిచాడని, నిద్రపోలేదని. అరుగు మీద ఎవరో "అయ్యో" అన్నారు. కొండయ్య తలెత్తి నన్ను అడిగాడు.

"ఎందుకు పేలినయ్యండి?"

ఇంజన్ల మనిషి. వస్తువు ఊరికే పోదని అతనికి తెలుసు. నేను ఆ ప్రశ్నకి సిద్ధపడి రాలేదంటే అబద్ధం. దారిపొడుగునా బస్సులో దాని గురించే ఆలోచించాను. నిజం చెప్పేయాలని ఒక్కో స్టాపు దగ్గరా అనుకున్నాను. తీరా ఆ మనిషి ముందు నిలబడ్డాక, తల్లీ పెళ్ళామూ పోయినవాడి కళ్ళు చూశాక, భయం వేసింది. వట్టి భయం. షాపు పోతుందని, పేరు పోతుందని, అక్కడికక్కడే నా మీద చెయ్యి పడుతుందని.

"చిన్న సెట్టండి అది. మూడు రోజులు ఏకబిగిన నడిపితే ఏ సెట్టయినా పోద్ది," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "రెండు గంటలకోసారి ఆపమని ఇచ్చేటప్పుడే చెప్పా."

కొండయ్య అన్ని రోజుల తర్వాత మొదటిసారి పౌలు వైపు తిరిగాడు.

"చెప్పారా?"

పౌలు కాదనొచ్చు. గుర్తు లేదనొచ్చు. వరదలో ఎవడు ఆపుతాడని తిరగబడొచ్చు. అలా తిరగబడితే నేను నోరు మూసుకుని తల దించుకుందామనే ఉన్నాను. అతను కాసేపు గుర్తు తెచ్చుకున్నాడు. నిజాయితీగా, కళ్ళు మూసుకుని, ఆ వేసవి రోజు నా షాపులో నేనన్న మాట గుర్తు తెచ్చుకున్నాడు.

"చెప్పారు," అన్నాడు. "సార్ చెప్పారు. నేనే ఆపలేదు. ఆపితే ఆ టయానికి కబురొస్తదేమోనని ఆపలేదు."

"ఆపి ఉంటే పలికేదా?" కొండయ్య నన్నే అడిగాడు.

అరుగు మీద అందరూ నా వైపు చూశారు. పౌలు కూడా చూశాడు. నేను సరిదిద్దుకోవడానికి దేవుడిచ్చిన చోటు అదేనని నాకు అప్పుడే తెలుసు. తర్వాత తెలిసింది కాదు.

"పలికేదేమో," అన్నాను.

కొండయ్య తిట్టలేదు, మీదికి రాలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పౌలు లేవలేదు. జనమంతా ఒకరి తర్వాత ఒకరు లేచిపోయాక కూడా అలాగే తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక, బస్సుకి టైమైందని గొణిగి దిగాను.

బస్సు ఆగే చోటిదాకా కృపారాణి నా వెనకే వచ్చింది. దారి ఇంకా బురదగా ఉంది. కరకట్ట ఎక్కాక ఆగి అంది.

"ఊరంతా నిద్రపోయాడన్నా ఈయన ఒప్పుకోలేదండి. నా మనసుకి తెలుసు, నేను అరిచాను అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకునే అన్నం తినేవాడు. ఇయ్యాల ఒప్పుకున్నాడు."

దూరంగా బస్సు హారను వినిపించింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, నా ముఖంలోకి తిన్నగా చూసి, మెల్లగా అడిగింది.

"ఒక్క మాటండి. ఆ సెట్టులో మీరు మంచియ్యే వేశారు గదా?"

"కొత్తవే వేశానమ్మా," అన్నాను.

"అయితే తప్పు ఆయనదేనండి," అంది. చేతులెత్తి వందనాలు చెప్పి, భర్త కూర్చున్న వైపు తిరిగి నడిచింది.