నెత్తురు తాగే దొర

నెత్తురు తాగేవాడి మీద మనసుపడే ఆడపిల్లలు లోకంలో ఉంటారంటే ముత్యమ్మ ఎన్నటికీ నమ్మేది కాదు, తన కూతురు రవళే ఆ కథ ఫోనులో చూస్తూ కళ్లు తుడుచుకోకపోతే. జపాను వాళ్ల బొమ్మల సీరియల్ అది. అందులో ఒక తెల్లజుట్టు దొర. వయసు మూడు వందల ఏళ్లు, మొహం చూస్తే పాతికేళ్లు. మనుషుల మెడ కొరికి నెత్తురు తాగి బతుకుతాడు. వాడికి పూల దుకాణం నడుపుకునే ఒక అమ్మాయి మీద ప్రేమ పుడుతుంది. వాడి జాతివాళ్లు ఒప్పుకోరు, ఆమె ఊరివాళ్లు ఒప్పుకోరు. ఆమె కోసం ఇక మనిషి నెత్తురు ముట్టనని దొర ఒట్టేసి ఆకలితో మాడిపోతుంటే, ఇక్కడ రవళి కళ్లలో నీళ్లు.

తెల్లాపూర్ టవర్లలో ఇళ్లు తుడిచి వచ్చి నడుం వాల్చిన ముత్యమ్మ ఒకరోజు కూతురి భుజం మీదుగా తొంగిచూసి, ఛీ అని మొహం తిప్పుకుంది.

"దొరలు నెత్తురు తాగుడు మనకు కొత్తనా బిడ్డా? మా అయ్య సూసిండు, మా తాత సూసిండు. వాని కోసం ఒక్కలన్న ఏడ్సిన్రా?" అంది.

రవళి నవ్వి ఫోను అటు తిప్పుకుంది. కలుపు తీసి, గచ్చు కడిగి బతికిన అమ్మకు ప్రేమ గురించి ఏం తెలుస్తుందిలే అనుకుంది. చదువుకున్న పిల్ల కదా, ఆమాత్రం పొగరు ఉంటుంది.

పైగా నెత్తురు సంగతి తనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పటాన్‌చెరు దగ్గర ఒక మందుల పరీక్షా కేంద్రంలో ఆమెది నెత్తురు తీసే ఉద్యోగమే. కొత్త మాత్ర బజారుకు వచ్చే ముందు దాన్ని మనుషుల చేత మింగించి, ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో గంటగంటకూ నెత్తురు తీసి చూస్తారు. ఇచ్చే డబ్బు కోసం ఆ మంచాల మీద పడుకునేది ఎవరనుకున్నారు? అడ్డా మీద పని దొరకని కూలీలు, ఫ్యాక్టరీలో తీసేసినవాళ్లు, బీహారు నుంచి వచ్చి కిరాయి కట్టలేనివాళ్లు. మెడలో నంబరు కార్డు వేస్తారు, ఇక పేరుతో పని లేదు. ఒకసారి నెత్తురిచ్చిన మనిషిని మూడు నెలల దాకా మళ్లీ తీసుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. పాత మందు ఒంట్లోంచి పోవాలి, పోయిన నెత్తురు మళ్లీ ఊరాలి.

తలకింత కమీషను మీద ఆ మనుషుల్ని కూడగట్టి తెచ్చేవాడు రాజశేఖర్. భూములున్న ఇంటి పిల్లవాడు, నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట. రవళి తాత ఐలన్న ఒకప్పుడు వాళ్ల పొలంలోనే జీతం ఉండేవాడు. అలాంటి ఇంటివాడు క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని, ఈ లైన్‌లో అందరూ చేసినట్టే తానూ మూడు నెలలు నిండకుండానే మనుషుల్ని తెచ్చేవాణ్నని తనంతట తానే ఒప్పుకున్నాడు. "నిన్ను సూసినంక ఇడిసిపెట్టిన రవళీ. నీ మీద ఒట్టు" అన్నాడు.

అంతే, పిల్ల కరిగిపోయింది. ఫోనులో దొర చెప్పిన మాటే క్యాంటీన్‌లో మనిషి చెబితే కరగకేం చేస్తుంది? వాళ్లింట్లో తెలిస్తే గడప తొక్కనివ్వరు, వీళ్లింట్లో తెలిస్తే ముత్యమ్మ చీపురు తిరగేస్తుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా సంగారెడ్డి రిజిస్ట్రారు ఆఫీసులో సోమవారం పెళ్లి ఖాయం చేసుకున్నారు. రవళితో పనిచేసే తనుశ్రీ సాక్షి సంతకానికి ఒప్పుకుంది.

ఇక గురువారం పొద్దున సంగతి. వార్డులో వరసగా మంచాలు. పదిహేడో నంబరు మనిషికి నలభై ఏళ్లుంటాయి, మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. రవళి అతని చేతికి రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో స్పిరిటు దూదితో తుడిచింది. దూదికి చామనఛాయ రంగు అంటింది. చెమట మట్టి కాబోలనుకుని ఇంకో దూది తీసుకుని గట్టిగా రుద్దింది. అది మట్టి కాదు. పెళ్లికూతుళ్ల మొహానికి పూసే క్రీము, సెంటు వాసనతో సహా. పొర లేచిపోగానే అడుగున సూది గాట్లు బయటపడ్డాయి. కొన్ని పక్కు కట్టాయి, కొన్నిటి చుట్టూ చర్మం పచ్చగా నీలంగా కమిలింది, ఒకటైతే చీము పట్టింది. ఆ చీము క్రీముతో కలిసి దూది మీద మెత్తగా సాగింది. గులాబీ సెంటు వాసనా చీము వాసనా ఒక్కసారే ముక్కుకు తగిలాయి. నాలుగేళ్లుగా రోజూ నెత్తురు చూస్తున్న పిల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇగ తుడువకు చెల్లె" అన్నాడతను మెల్లగా. నిన్న డాక్టరు చూసి పాసు చేశాడనీ, జల్దీ గుచ్చెయ్యమనీ బతిమాలాడు. పోయిన నెల వేరే ఊరి సెంటర్లో ఇచ్చాడట, అంతకు ముందు నెల ఇంకో ఊళ్లో. రెండు చోట్లకూ తీసుకుపోయింది ఒక్కరే.

ఈ క్రీము ఎవరు పూశారని అడిగింది రవళి.

"శేఖర్ సారే. తన చేతితోనే పూస్తడు. నల్లోనికి నల్లగ, ఎర్రోనికి ఎర్రగ, మంచిగ కలుపుతడు" అన్నాడు. అందులో ఫిర్యాదేమీ లేదు. మంచి మేస్త్రీ పనితనం చెప్పినట్టే చెప్పాడు.

నిన్న సాయంత్రం తన నుదుటి మీద వెంట్రుకలు సవరించింది ఆ చెయ్యే. రవళి అక్కడే నిలబడి, మోచేత్తో నుదురు గట్టిగా తుడుచుకుంది. తుడిచినా పోయినట్టు లేదు, మళ్లీ తుడుచుకుంది.

పేరడిగితే అతను బిత్తరపోయాడు. ఆ కేంద్రంలో ఎవరూ అడగని ప్రశ్న అది. నర్సన్న అని చెప్పాడు. రవళి చీము పట్టిన చోట కడిగి కట్టు కట్టింది. కాగితం మీద సూది గుర్తులున్నాయని రాసి, ఇతణ్ని తీసుకోవద్దని గీత కొట్టింది. మేలు చేశాననుకుంది పాపం. నర్సన్న లేచి కూర్చుని, కట్టు వైపు చూసుకుని అన్నాడు: "నీకు రోతైతే ముక్కు మూసుకో చెల్లె. నా పిల్లల నోట్లె మన్నెందుకు కొడ్తవ్?"

రవళి తల వంచుకుని పక్క మంచానికి నడిచింది. ఆ వార్డులో ఆ పూట దూదితో రుద్దితే రంగు వదిలిన చేతులు ఏడు.

ఏడు చేతులూ తుడిచి, ఏడు కాగితాల మీదా గీత కొట్టాక అసలు రోత మొదలైంది. దూదికి రంగు అంటడం ఆమెకు ఇది మొదటిసారి కాదు. పోయిన నెల చూసింది, అంతకు ముందూ చూసింది. చెమట అనుకుంది, ఎండలో తిరిగే మనుషుల మురికి అనుకుంది, గుర్తులేమీ లేవని కాగితం మీద సంతకం పెట్టి సూది గుచ్చేసింది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి ఇంకెలా ఉంటుంది? సీరియల్‌లో దొర మూడు వందల ఏళ్లు ఎవరి మెడలు కొరికాడో తాను ఒక్కనాడూ అడగలేదు. ఎవడో కిందపడతాడు, వెంటనే చందమామను చూపిస్తారు, పాట మొదలవుతుంది. పడినవాడికి పెళ్లాం ఉందో, పేరుందో ఎవరికి కావాలి? అందరి ఏడుపూ ఆ పూల దుకాణం అమ్మాయి మెడ గురించే. తనూ అందుకే ఏడ్చింది.

మధ్యాహ్నం బండ్ల షెడ్డు దగ్గర రాజశేఖర్ కనిపించాడు. సంగతి అప్పటికే అతని చెవిన పడింది. కోప్పడతాడనుకుంది, కోప్పడితే బాగుండేది. అతను నవ్వాడు. చిన్నపిల్లను లాలించినట్టు మాట్లాడాడు. ఇంట్లోంచి వెళ్లగొడితే ఇద్దరూ ఎక్కడుండాలి, తెల్లాపూర్‌లో ఫ్లాటు చూసి పెట్టాను, ఇదంతా మన కోసమే కదా అన్నాడు. ఆ ఏడు కాగితాలు చింపెయ్యమన్నాడు. అవి డాక్టరు చేతికి పోతే తన పని పోతుంది, పాత కాగితాల మీద సంతకాలు రవళివే గనక ఆమె ఉద్యోగమూ పోతుందని, భయపెట్టినట్టు కాకుండా, ప్రేమగానే చెప్పాడు.

"వాళ్ల పేర్లు చెప్పు" అంది రవళి.

"ఎవ్వరియి?"

"ఏడుగురియి."

రాజశేఖర్ ఫోను తీసి చూశాడు. అందులో నంబర్లున్నాయి. పేర్లతో మనకేం పని అని ఫోను జేబులో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అతని గోళ్ల అంచున చామనఛాయ క్రీము ఎండి ఉంది. రవళి రెండడుగులు వెనక్కి వేసింది, పెంట మీద కాలు పడబోయినట్టు.

అప్పుడు అతని మొహంలో నిజమైన బాధ కనిపించింది. ఆ సంగతి ఒప్పుకోవాలి, అతను నటించలేదు. ఆమెను ప్రేమించిన మాట నిజమే. అదే ఇంకా చెడ్డగా ఉంది.

"నేన్నీకేం తక్కువ చేసిన రవళీ? ఎన్నడన్న నీ మీద ఈగ వాలనిచ్చిన్నా? నీ ఒంట్లకెల్లి ఒక్క సుక్క ముట్టిన్నా?" అన్నాడు.

"ముట్టలే" అంది రవళి. "నన్ను ముట్టలేదనే నువ్వు మంచోనివనుకున్న. గిప్పుడు నన్ను సూసుకుంటెనే నాకు రోతైతుంది."

ఏడు కాగితాలూ పట్టుకుని, పాత సంతకాల సంగతి కూడా చెప్పడానికి, ఆమె డాక్టరు గదికి నడిచింది.