వెనక అద్దం మీది పర్మిట్

నెబ్రాస్కాలో కొన్న పాత కారును వెండెల్ అయోవాలోని ఇంటికి నడుపుకొస్తున్నాడు. అక్కడి పద్ధతి ప్రకారం అమ్మినాయన తన నంబరు ప్లేటు విప్పుకున్నాడు కాబట్టి వెనక అద్దానికి అంటించిన తాత్కాలిక పర్మిటే ఆధారం. దారిలో పోలీసు ఆపాడు.

"నంబరు లేదు, పర్మిట్ ఏదండీ?"

పక్క సీట్లో ఉన్న భార్య లొరెట్టా వెనక్కి చూసింది. "ఎండకి టేపు ఊడినట్టుంది. నీ సీటు కిందికి జారిందయ్యా."

చెయ్యి కిందికి పోనిస్తే తుపాకీ కోసమని పోలీసు అనుకుంటాడేమోనని వెండెల్ స్టీరింగు వదల్లేదు. పోలీసు చెయ్యి అప్పటికే నడుము దగ్గరికి చేరింది.

"మీరే తీసుకోండి సార్. నేను కదలను."

"ఊపిరైనా తీసుకో," గొణిగింది లొరెట్టా.

పోలీసు వెనక తలుపు తీసి, కాగితం మీద తేదీ చూసి, "సరిగ్గానే ఉంది, వెళ్లండి" అన్నాడు.

అతను వెళ్లిపోయాక లొరెట్టా భర్త వేళ్లను ఒక్కొక్కటిగా స్టీరింగు నుంచి విడదీసింది.