గీకేసిన పేరు

పట్నం నుంచి వచ్చిన అధికారి పటం మీది ఎర్రగీతకు ఇవతల వేలు పెట్టాడు. "మీ ఫోంతరెల్ ఊరు షాంపేన్ సీమలో లేదు. ఇకనుంచి మీ వైన్‌కి షాంపేన్ అన్న పేరు చెల్లదు."

పేరు పోతే కొనేవాడుండడు. కొనేవాడు లేకపోతే ఊరే ఉండదు. గదిలో కిక్కిరిసిన రైతులందరికీ ఆ సంగతి తెలుసు.

"తాతల నాటినుంచీ ఉత్తరాది షాంపేన్ షావుకార్లకి సరుకు పోస్తున్నది మేమేగా?" అంది ఒనోరిన్. మొగుడు పోయాక ద్రాక్షతోటంతా ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి.

"వాళ్ల నేలమాళిగల్లో మీ ఊరి ముద్ర ఉన్న పీపా ఒక్కటి చూపించండి."

ఎవారిస్త్ తల దించుకున్నాడు. ఊళ్లో పీపాలు చేసేది అతనే. కొత్త పీపాకి ఊరి పేరు కాల్చి ముద్ర వేసేదీ, బండెక్కించే ముందు దాన్ని చిత్రిక పట్టి చెరిపేసేదీ అతనే. సరుకు ఎక్కడిదో లోకానికి తెలియకూడదని షావుకార్లు పెట్టిన షరతు. ముప్పై ఏళ్లు నోరు మూసుకుని గీకాడు. ఇప్పుడు ఆ షావుకార్లే హద్దులు గీసే సంఘంలో కూర్చుని సాక్ష్యం అడుగుతున్నారు. సిగ్గులేని జాతి.

"సొంత ఊరి పేరు గీకిపారేశావు, ముసలోడా," ఒనోరిన్ మొహం మీదే అంది.

"నేను గీకుతుంటే నువ్వు బండికెత్తావమ్మా. అందరం కలిసే గీకాం. రేపు అందరం కలిసే ముద్ర వేద్దాం."

మర్నాడు ఎనిమిది వందల మంది పారలు భుజానేసుకుని సర్కారు పన్నుల కచేరీ మీదికి నడిచారు. దస్తరాలన్నీ వీధిలో తగలబడ్డాయి. ఆ మంటలోనే ముద్ర ఇనుము కాల్చి, కచేరీ తలుపు మీద ఊరి పేరు వాత పెట్టాడు ఎవారిస్త్.

గుర్రపు దళం వచ్చింది. ఇద్దరు డెక్కల కింద నలిగి చచ్చారు. ఎవారిస్త్‌ని తలుపు దగ్గరికి ఈడ్చుకొచ్చి చేతిలో చిత్రిక పెట్టాడు దళాధికారి.

"గీకు. అలవాటైన పనేగా."

"మానేశానయ్యా."

అతని కుడిచెయ్యి గడప మీద అదిమిపట్టి తుపాకీ మడమతో కొట్టారు. వేళ్లు చితికిపోయాయి. ముసలాడు గావుకేక పెట్టాడు. ఊపిరి తిరిగాక ఎడమచెయ్యి తనంతట తానే గడప మీద పెట్టాడు.

"ఇంకెవరికి చిత్రిక పట్టడం వచ్చు?" దళాధికారి జనాన్నడిగాడు.

ఒనోరిన్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. మట్టి కొట్టుకుపోయిన తన చేతిని ముసలాడి చేతి పక్కన పెట్టింది.

"నాకు రాదు. కొట్టు."

ఆమె పక్కన ఇంకో చెయ్యి వచ్చింది, దాని పక్కన మరొకటి. గడప చాలక మెట్ల మీద కూడా పరిచారు. తుపాకీ పట్టుకున్న సిపాయి దళాధికారి మొహంలోకి చూశాడు.

"కొట్టు," అన్నాడు అధికారి.

తుపాకీ మడమ దిగింది. ఒక్కరూ చెయ్యి తీయలేదు.