ఆర్‌ఎస్‌టీ ఫైవ్

సహస్రకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! సప్లిమెంటరీ ప్రాక్టికల్లో ఆమె రాసిన మైక్రోప్రాసెసర్ ప్రోగ్రాం ఆఖరి లైనును సదాశివరావు మాస్టారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ఇది కూడా పోతే డిగ్రీ చేతికి రాదు, గుర్గావ్‌లో దొరికిన ఉద్యోగమూ దక్కదు.

"ఆర్‌ఎస్‌టీ ఫైవ్ ఏంటమ్మా? మాన్యువల్లో ఆర్‌ఎస్‌టీ వన్ అని ఉంది కదా," అన్నారాయన.

ఆ మాన్యువల్ రాసింది ఆయనే. ఆర్‌ఎస్‌టీ అంటే ప్రోగ్రాం పని ముగిశాక పెత్తనం మళ్లీ ల్యాబ్‌లోని మైక్రోప్రాసెసర్ కిట్ చేతికి అప్పగించే ఆదేశం. పాత కిట్లకు వన్. గుర్గావ్ పక్కనే ద్వారకలో ఉన్న ఆ కాలేజీ కొత్త కిట్లు కొని ఏడాది దాటింది, వాటికి ఫైవ్. మాన్యువల్ మాత్రం ఒక్క అక్షరం మారకుండా జిరాక్స్ అవుతూనే ఉంది. మారిస్తే ఆ మహానుభావుడి సొమ్మేం పోయేది?

"సార్, పోయిన సెమిస్టర్ల మీ మాన్యువల్ చూసి వన్నే రాసిన. కిట్ బిగుసుకపోయింది. నాకు ప్రోగ్రామింగే రాదని ఫెయిల్ జేసిన్రు."

"చూడమ్మా, మనం మనం తెలుగువాళ్లం. ఎక్స్‌టర్నల్ మేడమ్ ముందు రభస ఎందుకు? వన్ అని దిద్దెయ్, పాస్ చేయించే పూచీ నాది."

ఫెయిల్ చేసిన రోజు ఈ తెలుగుతనం ఏ గంగలో కలిసిందో! సహస్ర పెన్ను పక్కన పడేసి, పరీక్ష చేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆ మేడమ్‌ను గట్టిగా పిలిచింది.

"మేడమ్, ఏక్ బార్ ఇధర్ దేఖియే."

మేడమ్ చూస్తుండగా ముందు ఆయన చెప్పిన వన్‌తో ప్రోగ్రాంను కిట్‌లో టైపు చేసింది. కిట్ బిగుసుకుపోయింది, ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు. రీసెట్ చేసి, ఈసారి తను రాసిన ఫైవ్‌తో టైపు చేసింది. కిట్ చక్కగా తేరుకుని, అడిగిన జవాబు చూపించింది.

"కిట్ పాడైనట్టుంది," అని గొణిగారు సదాశివరావు.

మేడమ్ పక్కనున్న ఇంకో కిట్ మీద రెండు లైన్లూ స్వయంగా టైపు చేసి చూసింది. అక్కడా అదే తంతు. సహస్ర పేపరు మీద పాస్ అని రాసి సంతకం పెట్టింది.

సహస్ర అంతటితో వదల్లేదు. గుమ్మం దగ్గరున్న బ్యాగులోంచి ఫోన్ తెచ్చి నంబరు కలిపింది.

"నాతోటి చదివిన చైతు కూడ పోయిన సెమిస్టర్ల వన్నే రాసి ఫెయిలయిండు సార్. తనకు చదువు రాదనుకొని కాలేజీ ఇడిచిపెట్టి వరంగల్ పోయిండు." ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "మనం మనం తెలుగోల్లమే గద. తప్పు ఎవరిదో మీరే చెప్పున్రి."

ఫోన్లో అవతలి నుంచి "హలో, సహస్రా?" అని వినిపించింది.