తడవని దిండు

మా అత్తయ్యకు ఎడమ కంట్లో శుక్లం తీశారు. మర్నాడు పొద్దున కట్టు విప్పించి ఇంటికి తీసుకొచ్చింది మా ఆయనే. కిటికీ ఎదుట కూర్చోబెట్టి, కుడికన్ను మూయించి ఊచలు లెక్కపెట్టమని పరీక్ష కూడా పెట్టారు. ఆమె తప్పు లేకుండా చెప్పింది. "కన్ను తడవనివ్వకు, నలపకు. ఈ ఒక్క మాటైనా వినమ్మా," అన్నారు. ఆ సాయంత్రమే ఆయన గుండె ఆగి పోయారు.

తర్వాత ఇల్లంతా పరామర్శకు వచ్చేవాళ్లే. జరిగింది అందరికీ బళ్లో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పేదాన్ని. అత్తయ్య నల్లకళ్లద్దాలతో గోడకానుకుని కూర్చునేది. మా ఆడపడుచు వేళ తప్పకుండా కంట్లో మందు చుక్కలు వేసేది.

ఒకరోజు అద్దాలు తీసినప్పుడు ఆ కన్ను నిప్పుకణికలా కనిపించింది.

"ఏడ్చి ఏడ్చి అలా అయింది వదినా. కడుపుకోత మరి," అంది ఆడపడుచు.

పక్కింటి దర్జీ పెద్దమ్మ ఊరుకోలేదు. "ఈ ఇంట్లో ఎర్రబడని కన్నేది? నీ మొహం అద్దంలో చూసుకున్నావా పంతులమ్మా?"

చూసుకున్నాను. నావీ ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పక్కలు ఎత్తుతుంటే నా దిండు గలీబు మీద మరకలు కట్టి ఉన్నాయి. అదే గదిలో పడుకునే అత్తయ్య దిండు ఒక్క మరకైనా లేకుండా పొడిగా ఉంది. ఆ పొడి గలీబు చేత్తో పట్టుకునే వెళ్లి, రాత్రుళ్లు ఏడవడం లేదా అని అడిగాను.

"ఏడవలేదమ్మాయ్," అంది. "తడవనివ్వొద్దన్నాడుగా. బతికుండగా వాడి మాట ఏనాడు విన్నాను కనక? ఇదైనా విందామని."

నొప్పి ఉందా అంటే తల తిప్పుకుంది. నిన్నటి నుంచి పోటు పెడుతోందట. నా కొంపే కూలిపోయి ఉంటే తన కన్ను గోలేమిటని ఊరుకుందట. ఆమె కుడికన్ను అరచేత్తో మూసి కిటికీ వైపు తిప్పాను. ఊచలు కాదు, కిటికీయే పొగలో ఉన్నట్టుందంది.

ఎలాగూ రేపు చూపించుకోవాలిగా, ఇంటినిండా జనాన్ని పెట్టుకుని ఎలా వెళ్తాం అంది ఆడపడుచు. కన్ను రేపటిదాకా ఆగదన్నాను. ముగ్గురం కట్టుబట్టలతోనే బయల్దేరాం.

డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది. కంటి లోపల చీము చేరుతోందంది. ఆపరేషన్ తర్వాత కాస్త ఎరుపు ఉండొచ్చట. కానీ ఎరుపుతోపాటు నొప్పి పెరిగినా, వచ్చిన చూపు తగ్గినా, ఇచ్చిన తేదీ కోసం చూడకుండా ఆ పూటే రావాలట. కంట్లోకి మందు ఎక్కించింది. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనంది. ఇంకా ఆలస్యమై ఉంటే కన్నే దక్కేది కాదేమో అంది.

అత్తయ్య అన్నీ విని ఒక్కటే అడిగింది.

"ఏడవొచ్చా?"

డాక్టరమ్మ చేతిలోని దీపం పక్కన పెట్టింది. "కుళాయి నీళ్లు పడకూడదన్నాం గానీ, ఏడవొద్దని ఎవరన్నారు పెద్దమ్మా? కన్ను మాత్రం నలపకండి. చెంప మీదికి జారాక శుభ్రమైన గుడ్డతో అద్దుకోండి."

బయట బల్ల మీద కూర్చున్నాక అత్తయ్య రెండు చేతులూ నా ఒళ్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకో అమ్మాయ్. నలిపేస్తానేమో."

పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చింది. ఆడపడుచు పక్కన కూర్చుని ఆసుపత్రిలో ఇచ్చిన శుభ్రమైన గుడ్డతో ఆమె చెంపలు అద్దుతూ ఉంది. నా రెండు చేతులూ ఆమెకే సరిపోయాయి. తడిసిన నా చెంపలు అలాగే వదిలేశాను.