పావు తిప్పు

బేస్‌మెంట్‌లో విమలకుమారి పిస్టల్ నుంచి విడదీసిన గొట్టాన్ని ఎడమచేత్తో నిటారుగా పట్టుకుని, తను తయారుచేసిన తూటాలను ఒక్కొక్కటిగా అందులోకి జారవిడుస్తోంది. బాగా కుదిరిన తూటా సర్రున దిగి ‘టంగ్’ మంటుంది. ఇవేమో సగం దిగి, పెళ్లివారింట్లో అలిగిన బంధువుల్లా అక్కడే కూర్చుంటున్నాయి.

“ఏం రోగమే మీకు?” అంది వాటితో.

మనిషి పొట్టి. తాడు కట్టిన కళ్లద్దాలు, ఫ్యాక్టరీలో ఇచ్చిన నీలం ఏప్రన్. కుడి బొటనవేలి గోరు ఏళ్ల తరబడి నొక్కీ నొక్కీ పలకలా చదునైపోయింది. తణుకు నుంచి అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి, ఇరవై రెండేళ్లు కార్లకి వైర్ హార్నెస్‌లు చేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. రాగితీగ చివరకి చిన్న లోహపు కొస తొడిగి, మెషిన్‌తో నొక్కి బిగించడం, అంటే క్రింప్ చేయడం, ఆమె పని. లాగినా ఊడకూడదు. ఆమె చేసినవి ఏనాడూ ఊడలేదు. రిటైరైన రోజు సూపర్‌వైజర్ కేక్ కోసి చెప్పింది కూడా అదే. కేక్ మీద మాత్రం ‘విమాల’ అని రాయించారు.

పక్క లైన్‌లో పనిచేసే ఆమె ఒకసారి తుపాకులు కాల్చే రేంజ్‌కి తీసుకెళ్లడంతో మొదలైందీ పిచ్చి. చర్చిలో విమలకుమారి ఈడు ఆడవాళ్లు యోగాకి వెళ్లి మోకాళ్లు పట్టేసుకుంటుంటే, ఈమె పిస్టల్ క్లబ్‌లో చేరింది. కొంతకాలానికి తూటాలు కూడా ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టింది. కాల్చేసిన ఇత్తడి కేసులు ఏరుకొచ్చి, కడిగి, మందు నింపి, మూతిలో బుల్లెట్, అంటే కొత్త సీసపు ముక్క, కూర్చోబెట్టడం. బుల్లెట్ దిగడానికి కేసు మూతిని ముందు కాస్త విప్పుతారు. ఆ విప్పిన మూతిని చివర్లో మళ్లీ దగ్గరకి నొక్కాలి. దాన్నీ క్రింప్ అనే అంటారని తెలిసినప్పుడు విమలకుమారికి పుట్టింటికి వెళ్లినట్టయింది.

రెండేళ్లయింది. ఇంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా పిస్టల్ మొరాయించకుండా పూర్తిచేయలేదు. ఈ మధ్యాహ్నం ఆఖరి మ్యాచ్. రేపు ఆరాధన అయ్యాక భార్యాభర్తలిద్దరూ ఈ ఇల్లు వదిలి ప్లెయిన్స్‌బరోలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. అక్కడి అపార్ట్‌మెంట్ లీజులో బాల్కనీలో బార్బిక్యూ పెట్టుకోవడమే నిషిద్ధం. మందుగుండు సంగతి అడగాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

బల్ల మీద స్పీకర్‌లో కూతురు ప్రిస్సిల్లా.

“మమ్మీ, స్టోర్‌లో ఒక బాక్స్ కొనుక్కో. ఎవరూ చెక్ చెయ్యరు.”

“నేను చెక్ చేసుకుంటానుగా.”

“ఓ మై గాడ్, మమ్మీ.”

“దేవుడి పేరు ఊరికే ఎత్తకు. పెట్టేయ్, పనుంది.”

బల్లకి బిగించిన ప్రెస్‌లో కేసు మూతిని నొక్కే ఉక్కు అచ్చుని, ఆ డైని, ఇంకో పావు తిప్పు కిందికి దించింది. ప్రతి మ్యాచ్ తర్వాతా చేసింది అదే. ఆగిపోతే ఒక పావు తిప్పు, బుల్లెట్ కదిలితే మరో పావు తిప్పు. మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటా ఒకటి చేసి, బుల్లెట్‌ని బల్ల అంచుకి ఆనించి బొటనవేలితో నెట్టింది. బుల్లెట్ మెత్తగా లోపలికి జారిపోయింది. ఇంత నొక్కాక కూడా!

మెట్ల మీద చెప్పుల చప్పుడు. భర్త ఇమ్మాన్యుయేల్ మూడో మెట్టు దగ్గర ఆగాడు. మందుగుండు ఉన్న గదికి ఆయన హద్దు అది. చేతిలో పళ్లెం. రేపు చర్చిలో పంచడానికి పొద్దున ఆవిడ ఒత్తి ఇచ్చిన కజ్జికాయలు ఆయన పైన వేయిస్తున్నాడు.

“విమలా, ఇవి కూడా విచ్చుకున్నాయి. నూనె నిండా కొబ్బరే.”

“అంచు గట్టిగానే ఒత్తానండీ.”

“అదే చెప్తున్నా. నువ్వు చూసుకోకుండా మామూలుగా ఒత్తినవి బానే ఉన్నాయి. పగబట్టి ఒత్తినవే విచ్చుకుంటున్నాయి.”

ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చింది. పళ్లెంలోంచి ఒకటి తీసి చూసింది. నొక్కిన చోట పిండి కాగితంలా పలచబడి, అక్కడే చీలింది.

ఆయన పైకి వెళ్లగానే ఆ ఉత్తుత్తి తూటాలోంచి బుల్లెట్ లాగి దీపం కింద పెట్టింది. సీసం నడుమున లోతైన గాటు. రాగితీగా, దాని కొసా నొక్కితే ఒకటైపోతాయి, వదిలినా అలాగే ఉంటాయి. ఇత్తడి అలా కాదు. నొక్కి వదిలితే కాస్త వెనక్కి వస్తుంది. సీసం రాదు. తను నొక్కిన కొద్దీ బుల్లెట్ నడుం సన్నబడింది, కేసు వదులైంది. ఆ నొక్కుడికే కేసు మూతి కింద ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంది. అసలు బుల్లెట్‌ని పట్టుకునేది కేసు గోడలు. క్రింప్ పని విప్పిన మూతిని మూయడం, అంతే.

“రెండేళ్లు పీక పిసికానన్నమాట,” అంది.

డైని వెనక్కి తిప్పింది. పావు, ఇంకో పావు, మరో పావు. కొత్త ఉత్తుత్తి తూటా చేసి, బల్లకి ఆనించి, చదునైన గోరు తెల్లబడేదాకా నెట్టింది. కదల్లేదు. గొట్టంలోకి వదిలింది.

టంగ్.

పాతవన్నీ విప్పేసేందుకు పక్కన పెట్టి, కొత్తవి చేయడానికి కూర్చుంది. భోజనం సంగతే మర్చిపోయింది.

రేంజ్‌లో రేణు ఎదురొచ్చింది. వరంగల్ పిల్ల, సాఫ్ట్‌వేర్ టెస్టర్, సిటిజన్‌షిప్ వచ్చిన వారానికే క్లబ్‌లో చేరింది.

“ఏంది ఆంటీ, ఇయాల కూడా నీ పిస్టల్‌కి ఇంటర్వెల్ ఉంటదా? సమోసాలు తెప్పియ్యాలా?”

“తెప్పించు. గెలిచాక తింటాను.”

“అబ్బో!”

పేరు పిలిచారు. విమలకుమారి గీత దగ్గర నిలబడి, చెవులకి రక్షణ సర్దుకుంది. బీప్ మోగింది. మొదటి తూటా పేలింది. రెండోది. ఎప్పుడూ ఆగే నాలుగోది కూడా పేలింది. తర్వాత లెక్క మర్చిపోయింది. ఇత్తడి కేసులు భుజం మీదుగా తళతళా ఎగిరిపోతున్నాయి. తూటాల మ్యాగజైన్ మార్చి, చివరి టార్గెట్ కూలగొట్టాక పిస్టల్ పైభాగం వెనక్కి తెరుచుకుని నిలబడిపోయింది. ఇరుక్కుని కాదు. ఖాళీ అయి.

రేంజ్ ఆఫీసర్ అయిన పెద్దాయన అలవాటుగా ముందుకి వచ్చి, చేయడానికేమీ లేక ఆగిపోయాడు. “ఫ్యాక్టరీ తూటాలేనా?” అన్నాడు.

“నో సర్. మైన్.”

“ఆంటీఈ!” వెనక రేణు కేకకి తర్వాతి షూటర్ ఉలిక్కిపడ్డాడు. “ఒక్కసారి గూడ ఆగలే! ఒక్కసారి గూడ!”

స్కోరు కింది నుంచి మూడోది. విమలకుమారి ఆ బోర్డు వైపు చూడను కూడా చూడలేదు. వంగి కేసులు ఏరుకుంటూ, మోకాలు కలుక్కుమన్నా నవ్వుతూనే ఉంది. సమోసాలు మూడు తింది.

ఆ సాయంత్రం ప్రెస్ నట్లు విప్పి రేణు కార్ డిక్కీలో పెట్టించింది. మందు, ప్రైమర్లు కూడా జాగ్రత్తలు చెప్పి ఆమెకే అప్పగించింది.

“మరి నువ్వో, ఆంటీ?”

“నాకు వచ్చేసిందిగా. ఎక్కువ నొక్కకు. అంతే.”

ఆదివారం ఆరాధన అయ్యాక, రాత్రి మళ్లీ తేలిగ్గా ఒత్తి వేయించిన కజ్జికాయలు పంచారు. ఒక్కటీ విచ్చుకోలేదు. ఇమ్మాన్యుయేల్ తాళంచెవులు ఇల్లు కొనుక్కున్న గీతాంజలి చేతిలో పెట్టాడు. విమలకుమారి బేస్‌మెంట్‌లోకి ఒకసారి వెళ్లి, లైట్ ఆర్పి వచ్చి కార్ ఎక్కింది.

కింద కిటికీ గట్టు మీద మందూ ప్రైమరూ లేని, ‘టంగ్’ మన్న ఆ ఉత్తుత్తి తూటా నిలబడి ఉంది, మూతి చుట్టూ వెలుగు పడితే తప్ప కనపడనంత సన్నని నొక్కు గీతతో.